నాయన కంప్యూటరుకు చదువు చెప్పిన సంగతి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చాలాకాలం పాటు "రీసెర్చ్" అని చెప్పి ఊరుకునేదాన్ని. ఆ మాటకు మా వైపు గౌరవం ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. ఉన్నది ఉన్నట్టు చెబితేనే చిక్కు. యాభై అయిదు దాటిన మగవాళ్ల దగ్గర రక్తమూ మూత్రమూ సేకరించి హైదరాబాదు ల్యాబుకు పంపడం నా పని. పరిశోధన ప్రోస్టేట్ క్యాన్సర్ మీద. రక్తంలో, జన్యువుల్లో ఏ గుర్తులున్నవాళ్లకు ఆ జబ్బు వస్తుంది, వచ్చినవాళ్లలో ఎవరికి అది దూకుడుగా ముదురుతుంది, ఎవరికి చివరిదాకా ఒక మూల కూర్చుని ఊరుకుంటుంది అన్నది ముందే పసిగట్టేలా ఒక కంప్యూటరును తయారుచేస్తున్నారు. అది రిపోర్టులు చూసి, గాజు పలకల మీద పరిచిన కండ ముక్కల ఫొటోలు చూసి నేర్చుకుంటుంది. దానికి చూపించడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మగవాళ్లను ఒప్పించి తేవడం నా వంతు.

నేను పెన్‌పహాడ్ మండలంలో గొర్లు పెంచే ఇంట్లో పుట్టాను. బయోటెక్నాలజీలో పీజీ చేశాను. ఇంటర్వ్యూలో "మీ ప్రాంతం వాళ్లతో మాట్లాడగలరా?" అని అడిగారు. "పుట్టినప్పటి నుంచీ వాళ్లతోనే మాట్లాడుతున్నానండీ" అన్నాను. ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటి క్యాంపు సూర్యాపేటలో పెట్టాం. బ్యానరు హైదరాబాదు ఆఫీసులోనే రాయించి పంపారు. "యాభై అయిదేళ్లు దాటిన పురుషులకు ఉచిత పౌరుష గ్రంథి పరీక్ష" అని పెద్ద ఎర్ర అక్షరాలు. పుస్తకం ప్రకారం అందులో తప్పేమీ లేదు. ప్రోస్టేట్‌ను తెలుగులో పౌరుష గ్రంథి అనే రాస్తారు. దాన్ని ఒక ఫంక్షన్ హాలు గేటుకు కట్టి, లోపల కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

జనం ఆగుతున్నారు, చదువుతున్నారు, ఒకసారి అటూ ఇటూ చూసి వెళ్లిపోతున్నారు. చివరికి మెలితిప్పిన మీసాల పెద్దమనిషి ఒకాయన మోపెడ్ ఆపి, దిగకుండానే నన్ను పిలిచాడు.

"ఏమమ్మా, పౌరుషం టెస్టు జేస్తరా మీరు?"

"పౌరుషం కాదు పెద్దయ్యా, గ్రంథి. లోపల ఉంటది."

"నాకు బయటనే ఉన్నది" అని మీసం మీద చెయ్యి వేసి, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కాసేపటికి కాలేజీ కుర్రాళ్లు గేటు దగ్గర నిలబడి, ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంటదా అని అడిగారు. మధ్యాహ్నం దాకా లోపలికి అడుగుపెట్టినవాళ్లలో ఒకాయన షుగరు పరీక్ష అనుకుని వచ్చాడు. ఇంకొకాయన టిఫిన్ పెడుతున్నారని విని వచ్చాడు. ఆయనకు ఉప్మా పెట్టాం. మిగిలిన ఉప్మా అంతా మేమే తిన్నాం.

ఆ సాయంత్రం మా ఊరెళ్లాను. అమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ముఖం చూసి అడిగింది. పరీక్షకని ఒక్కరూ రాలేదని, వచ్చిన ఇద్దరూ అడిగినదానికి సమాధానం చెప్పలేదని చెప్పాను.

"ఏం అడుగుతున్నవ్ ఆళ్లను?"

"రాత్రి పూట ఎన్నిసార్లు లేస్తరు, ఒంటికి సాఫీగ వస్తదా లేదా, గిసువంటివి."

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది. "ఆళ్లనెందుకు అడుగుతవ్ బిడ్డా, ఆళ్లకేం ఎరుక? మీ నాయననడుగు. లేవనే లేవనంటడు. నన్నడుగు. గొళ్లెం తీసిన సప్పుడు వినేది నేను, మల్ల వచ్చి పండుకునేదాక మేల్కొని ఉండేది నేను."

గొర్ల దొడ్డి వైపు నుంచి వస్తున్న నాయనకు ఆ మాట వినబడింది. "ఎప్పుడన్న నీళ్లు ఎక్కువ తాగితె లేస్త. గంతే" అన్నాడు.

"తాగకున్న లేస్తవ్" అంది అమ్మ.

మర్నాడు అమ్మ నన్ను తమ మహిళా సంఘం మీటింగుకు తీసుకెళ్లింది. మీటింగు అయ్యాక ఉపోద్ఘాతం ఏమీ లేకుండా అందరి మధ్యా నిలబడి "ఎవలెవల మొగోళ్లు రాత్రి పూట నిద్ర పోనిస్తలేరో చెయ్యెత్తుండ్రి" అంది. ముందు ఒకామె కిసుక్కుమంది. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. అవి ఎంతకీ ఆగలేదు. అమ్మకు తను ఏమన్నదో అప్పుడు అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "గది కాదే, ఒంటికి లేచేది" అని సర్దుకుంది. అంతే, ఇక చేతులు లేచాయి. ఒకామె చెప్పిన మాట నేను ఇప్పటికీ కొత్తగా చేరిన స్టాఫుకు చెబుతుంటాను. "మా ఆయన పోతడు, గాడ నిలబడతడు, నిలబడతడు, వాన కోసం మొగులు దిక్కు సూసినట్టు సూస్తడు. నాలుగు సుక్కలు పడంగనే తిరిగొస్తడు."

హైదరాబాదుకు ఫోన్ చేసి బ్యానరు మార్పించాను. కొత్త బ్యానరు మీద మగవాళ్ల ప్రస్తావనే లేదు. "అమ్మలారా, రాత్రిళ్లు మీ ఆయన పదే పదే లేస్తున్నారా? ఒకసారి తీసుకురండి" అని మాత్రమే రాయించాం. రెండో క్యాంపుకు సూర్యాపేట మగవాళ్లు వచ్చారు. వచ్చారనడం కన్నా తేబడ్డారనడం సరైనది. భార్యలు ముందు, వాళ్లు వెనక. వయసు దగ్గర్నుంచి వరుసగా నేను ఆయన్ను అడగడం, ఆమె చెప్పడం, ఆయన "అంత లేదు" అనడం, ఆమె మళ్లీ చెప్పడం.

ఆ వరసలోనే అమ్మ వెనకాల నాయన కూడా వచ్చాడు.

నాయన విషయంలో ఇంకో కారణం ఉంది. మా పెదనాయన ఈ జబ్బుతోనే పోయాడు. అప్పుడు దాని పేరు మాకెవరికీ తెలియదు. నడుము నొప్పి అన్నాడు. నూనె రాశాం, కాపడం పెట్టాం, గొర్లు కాసి కాసి నడుము అరిగిందన్నాం. పెద్ద దవాఖానకు తీసుకెళ్లే సరికి, ఇది నడుముది కాదు, ప్రోస్టేట్‌లో పుట్టి ఎముకలకు పాకిందన్నారు. నేను అప్పటికి డిగ్రీలో ఉన్నాను. అన్నకు వస్తే తమ్ముడికి వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువని చదివింది మాత్రం ఈ ఉద్యోగంలో చేరాకే. అందుకే నాయన రక్తం గొట్టాన్ని ఐసు డబ్బాలో పెట్టేటప్పుడు దాని మీద పేరు రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఆ ఐసు డబ్బా గురించి ఒక మాట చెప్పాలి. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. ఒకసారి పక్క సీటు ముసలమ్మ "చేపలా బిడ్డా?" అంది. కాదన్నాను. "రొయ్యలా?" కాదన్నాను. "మరేంది?" అంటే, "సూర్యాపేట మగోళ్లవి అవ్వా, రక్తాలు, ఒంటేళ్లు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, లేచి ముందు సీట్లోకి వెళ్లిపోయింది.

నాయన రక్తంలో చూడాల్సిన అంకె ఉండాల్సినదానికన్నా ఎక్కువ వచ్చింది. స్కానింగు తీశారు. ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. ఆ ముక్కను వెనక నుంచి సూది పంపి తీస్తారని ముందుగా వివరంగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అయ్యాక నాయన బయటికొచ్చి, గోడ పట్టుకుని నిలబడి, "నేను గొర్రెకు గూడ ఎన్నడు గిట్ల జెయ్యలె" అన్నాడు.

ఫలితం చెప్పే రోజు హైదరాబాదు దవాఖానలో డాక్టరుగారు తన గదిలో మా ముందు స్క్రీను తిప్పారు. ఊదా, గులాబీ రంగుల్లో నాయన కండ ముక్క, తెర నిండా పెద్దదై కనబడింది. ఒక మూల కొద్దిభాగాన్ని కంప్యూటరు పసుపు గీతతో చుట్టింది. డాక్టరుగారు నెమ్మదైన మనిషి, తొందర లేకుండా చెప్పారు. క్యాన్సరే. కానీ చిన్నది, నెమ్మదైన రకం. స్లైడ్లు తనూ విడిగా చూశారు, ఇంకో నిపుణురాలూ చూశారు, కంప్యూటరూ చూసింది. ముగ్గురూ అదే అన్నారు. రక్తంలోని జన్యు పరీక్షలో కూడా భయపెట్టే గుర్తు దొరకలేదు. ఇప్పుడు ఆపరేషను చేస్తే దానివల్ల వచ్చే ఇబ్బందులే ఎక్కువ. అందుకని ఆర్నెల్లకోసారి పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉందాం.

నాయన అంతా విన్నాడు.

"ఉన్నదంటిరి" అన్నాడు.

"ఉంది."

"క్యాన్సరంటిరి."

"అవును."

"ముట్టుకోవద్దంటిరి."

"ఇప్పటికి వద్దు."

నాయన నా వైపు తిరిగి, "పెద్ద దవాఖాన అని తోలుకొస్తివి గదా బిడ్డా" అన్నాడు.

క్యాన్సరు ఉందన్న వార్త మా ఊరికి మాకన్నా ముందే చేరింది. దాన్ని ముట్టుకోవద్దన్నారన్న వార్త ఎవరికీ నచ్చలేదు. కోదాడ నుంచి మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, సంచి నిండా బత్తాయిలు పట్టుకుని వచ్చారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పదిమంది కనబడితే చాలు, అది బస్సే అనుకుంటారు. మా వాకిట్లో చేరిన చుట్టాలను వెనక్కి జరిపి, ముసలివాళ్లకు మంచాలిప్పించి, మధ్యలో తాను నిలబడ్డారు.

"కోయించెయ్యండి బావగారూ" అన్నారు. "ఒక్కసారి కోయించేస్తే తెగిపోయిద్ది. లోపల దొంగోణ్ని పెట్టుకుని, వాడేం చేస్తన్నాడో ఆర్నెల్లకోసారి చూసొస్తానంటే ఎట్టాగండీ?"

అందరూ తలలూపారు. ఒకాయన ఏదో ఆకు పసరు చెప్పాడు. ఇంకొకాయన ఆ పసరు తాగినవాడు ఏమయ్యాడో చెప్పాడు. డబ్బున్నవాళ్లయితే కోసేవాళ్లే, మనం గొర్లోళ్లమని ఊరకే పంపారని ఒకరన్నారు. నేను డాక్టరు చెప్పిందంతా చెప్పాను. కోస్తే ఒంటేలు ఆగకుండా పోయే ఇబ్బంది కొందరికి వస్తుందని, అవసరం లేనివాళ్లు ఆ కష్టం ఎందుకు పడాలని చెప్పాను. "నువ్వు సిన్నపిల్లవు" అన్నారు. ఈ విషయం మీద జీతం తీసుకుంటున్నది ఆ వాకిట్లో నేనొక్కదాన్నే.

ఆ తర్వాత కొన్నాళ్లు నాయన సరిగా తినలేదు. నేనూ తినలేదు. ఎంతమంది భార్యలకు "భయపడకండమ్మా, అన్ని క్యాన్సర్లూ ఒకటి కాదు" అని చెప్పానో! అదే మాట మా ఇంట్లో నా నోట పెగల్లేదు. పెదనాయన మంచం గుర్తొచ్చేది. ఒకరోజు పొద్దున్నే దొడ్డి దగ్గరికెళ్తే, నాయన కొత్తగా ఈనిన గొర్రెకు తుమ్మ కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు.

"ఒకటి నిజం జెప్తవా?" అన్నాడు. "గా కంప్యూటర్‌కు మనోళ్లు తెలుసా?"

అర్థం కాలేదన్నాను.

"నా కండ ముక్కను సూసి నెమ్మది రకం అన్నది గదా. అంతకుముందు మనసొంటోళ్లను ఎవలనన్న సూసిందా? లేకుంటె పట్నంల, ఫారిన్‌ల ఉండేటోళ్లనే సూసి నేర్సుకున్నదా?"

డాక్టరుతో సహా ఎవరూ అడగని మాట అది. నిజమే చెప్పాను. ఎక్కువగా బయటి దేశాలవాళ్లనే చూసింది. మనవాళ్లను తక్కువ చూసింది. అందుకే దాని మాటొక్కదాని మీదే ఆధారపడకుండా డాక్టర్లు వేరేగా చూస్తున్నారు. అందుకే నన్ను ఈ ఊళ్లన్నీ తిప్పుతున్నారు.

"అంటె, ఇప్పుడు నన్ను సూసి నేర్సుకుంటదా?"

"నేర్సుకుంటది. నువ్వు పరీక్షకు పోయినప్పుడల్లా, అది ముందు చెప్పింది నిజమైందా కాలేదా అని దానికి తెలుస్తది."

"తప్పు జెప్పినట్టయితె?"

"నువ్వే దిద్దినట్టు. ముందుగాల మనం పట్టుకుంటం, మందు చేపిస్తం. తర్వాత అది నేర్సుకుంటది."

నాయన కొమ్మ కింద పెట్టి నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. "నేను మూడో తరగతి దాక సదివిన గదా బిడ్డా" అన్నాడు.

"అది అంత గూడ సదవలె నాయనా."

అంతే. కోయించే ఆలోచన ఆ రోజుతో ఖతం. కానీ దాని వెనక ఇంకొకటి మొదలైంది. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర "నేను హైదరబాదుల కంప్యూటర్‌కు సదువు జెప్తున్న" అని నాయన చెప్పడం మొదలుపెట్టాడు. ముందు నవ్వారు. తర్వాత సరదాకి "సారూ" అని పిలిచారు. ఆ పిలుపు నిలిచిపోయింది. గొర్ల మందను రోడ్డు దాటించేటప్పుడు ట్రాక్టరువాళ్లు కూడా ఆగి, "పోనియ్యుండ్రి, సారు వస్తుండు" అనేవారు. దవాఖాన నుంచి తేదీ గుర్తుచేసే ఫోను వస్తుంది కదా, మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. అది వచ్చినప్పుడు నాయన హోటల్ మధ్యలో స్పీకరు పెట్టి, "ఆఁ, మంచిగున్న. నువ్వు మంచిగున్నవా? వస్త తియ్యి, ఎందుకు పరేషానయితవ్" అని దాంతో మాట్లాడేవాడు. ఆ గొంతు "ధన్యవాదాలు" అనేది. హోటల్లో ఉన్నవాళ్లు ఇద్దరికీ ఉన్న స్నేహం చూసి ముచ్చటపడేవారు. నేను కరపత్రాలు పంచితే రానివాళ్లు "సారు పోతున్నడట గదా, మనం గూడ పోదాం" అని వచ్చారు.

కోదాడ క్యాంపు మామయ్య చేతుల మీదుగా జరిగింది. హాలు మాట్లాడిందీ, కుర్చీలు తెప్పించిందీ ఆయనే. గుమ్మం దగ్గర నిలబడి "ముందుకు జరగండి, ముందుకు జరగండి, వెనకాల ఖాళీగా లేదు" అని అరుస్తూ అందర్నీ లోపలికి పంపారు. తాను మాత్రం రాలేదు. మామగారిని కోడలు "మామయ్యా, మీరు కూడా ఈ డబ్బాలో పోసి ఇవ్వండి" అని ఎలా అడుగుతుంది? అత్తయ్యను అడగమన్నాను. "నా మాట ఎప్పుడు విన్నారమ్మా, నువ్వే చెప్పు" అన్నారు. మా ఆయన్ను పంపాను. ఆయన తండ్రి దగ్గరికెళ్లి "నాన్నా" అన్నాడు. "ఏంట్రా?" అన్నారు మామయ్య. "ఏం లేదు, కుర్చీలు సరిపోయినయా అని" అని తిరిగొచ్చాడు.

చివరికి ఆ పని నాయన చేశాడు. గుమ్మం దగ్గరికెళ్లి, నిండిన హాలు వినేలా అడిగాడు.

"ఇన్నేండ్లు బస్సుల ఆపుకుంటనే ఉన్నవ్ గదా బావా. ఇంక ఎందాక ఆపుకుంటవ్?"

హాలు గొల్లుమంది. మామయ్య ముఖం ఎర్రబడింది. కానీ అంతమందిలో వెనక్కి తగ్గడం ఆయనకు చేతకాదు. లోపలికెళ్లి రక్తం ఇచ్చారు. డబ్బా తీసుకుని వెళ్లారు. వచ్చేటప్పుడు డబ్బాను న్యూస్ పేపర్లో చుట్టి, దాన్ని గుడ్డసంచిలో పెట్టి, నేను చెయ్యి చాచితే అందేంత దూరంలో నిలబడి ఉండగా, నన్ను చూడకుండా నాయనకిచ్చారు. "బావగారూ, ఇది కాస్త... మీ అమ్మాయికి ఇచ్చెయ్యండి." నాయన తీసుకుని నాకిచ్చాడు. నేను పైకప్పు వైపు చూస్తూ తీసుకున్నాను.

ఫలితం రాగానే సంతోషంగా ఫోన్ చేశాను. "మామయ్యా, అంతా బాగుందట. మీకేం లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"జన్యువుల్లో కూడా?"

"వాటిలో కూడా."

"సరిగ్గా చూశారా అమ్మాయ్, నా డబ్బా అటూ ఇటూ మార్చలేదు కదా?"

ఆయన చిన్నబుచ్చుకున్నారని అత్తయ్య చెప్పారు. వియ్యంకుడేమో కంప్యూటరుకు సారు, ఈయనేమో ఎందుకూ కొరగాని ఆరోగ్యవంతుడు. పరామర్శకని నాయన, నేను కోదాడ వెళ్లాం. "మీరు కూడా స్టడీలో ఉన్నారు మామయ్యా, మీది కంట్రోల్ గ్రూపు" అన్నాను.

"కంట్రోలా? కంట్రోలు బియ్యం లాగానా?"

రేషను బియ్యాన్ని మా వైపు అలాగే అంటారు. నాయన నవ్వు ఆపుకోలేక "అగ్గువ రకమన్నట్టు" అన్నాడు. నేను గబగబా వివరించాను. జబ్బున్నవాళ్లను ఎంతమందిని చూపించినా, జబ్బులేని మనిషి లోపల ఎలా ఉంటాడో తెలియకపోతే కంప్యూటరుకు తేడా తెలియదు. అలాంటి మనిషి దొరకడం చాలా అవసరం. మామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అంతేగా మరి. టికెట్ ఉన్నోడెవడో తెలిస్తేనే కదా లేనోడు దొరికేది" అన్నారు. అప్పటి నుంచి ఎవరు కనబడినా "నేను కంట్రోల్లో ఉన్నా" అని చెబుతున్నారు. బి.పి. గురించి అనుకుని జనం అభినందిస్తున్నారు.

ఇద్దరూ కలిసి మిర్యాలగూడ క్యాంపుకు కూడా వచ్చారు. అక్కడొక రైస్ మిల్లు సేటు తన మిల్లులోనే హమాలీలకూ చుట్టుపక్కల రైతులకూ పరీక్షలు పెట్టించుకోమన్నాడు. తాతల నాటి నుంచి ధాన్యం వ్యాపారం చేస్తున్న ఇల్లు, మంచి మనిషి. ముందు తానే రక్తమిచ్చాడు. తర్వాత అందరికీ విషయం అర్థమయ్యేలా చెబుతానని మైకు తీసుకున్నాడు.

"మన మిల్లుల కలర్ సార్టర్ మిషన్ సూసిండ్రు గదా. దాంట్ల కెమెరా ఉంటది. బియ్యం జారుతుంటె ఒక్కొక్క గింజను సూస్తది. నల్లగింజ కనబడిందా, గాలితోటి ఉఫ్ అని అవతల ఊదేస్తది. వీళ్ల కంప్యూటర్ గూడ గసువంటిదే."

చెప్పింది ఒకందుకు బాగానే ఉంది. కానీ వరసలో నిలబడ్డ హమాలీలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మమ్ముల గూడ ఊదేస్తరా సేటూ?" అని ఒకరడిగారు. పని తీసేస్తారని వాళ్ల భయం. వరస వెనక నుంచి కరగడం మొదలైంది. "కదలొద్దు, కదలొద్దు" అని మామయ్య అరిచారు. ఎవరూ వినలేదు.

నాయన సేటు చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"అన్నలారా, జర ఆగుండ్రి. నన్ను సూడుండ్రి. నేనే ఆ నల్లగింజను. క్యాన్సర్ ఉన్నది నాకు. ఎవ్వలు ఊదలె. పక్కకు పెట్టి, పైలంగ సూస్కుంటున్నరు. మా అన్నను సూసేటోళ్లు లేక పోయిండు. నడుము నొప్పి అనుకుంట పోయిండు."

మిల్లు ఆగి ఉండటంతో ఆ మాట చివరిదాకా వినబడింది. నాయన అన్న గురించి నలుగురిలో మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. కళ్లు తుడుచుకుంటున్నాను. ఇంతలో నాయన అదే ఊపులో, ముక్క తీసే పరీక్ష ఎలా చేస్తారో, పడుకోబెట్టిన దగ్గర్నుంచి, చేతి సైగలతో సహా చెప్పడం మొదలుపెట్టాడు. నేను లేచి బస్తాల వెనక్కి వెళ్లిపోయాను. నవ్వులు మాత్రం వినబడ్డాయి. తిరిగొచ్చేసరికి వరస మళ్లీ గేటు దాకా ఉంది.

ఆ వరసలో వేములపల్లి నుంచి వచ్చే ఒక హమాలీకి ముదురు రకం బయటపడింది. ఇంకా బయటికి పాకలేదు కాబట్టి వెంటనే ఆపరేషను చేశారు. ఇప్పుడు బాగున్నాడు. బస్తాలు మోయొద్దన్నారని సేటు అతనికి కాంటా దగ్గర పని ఇచ్చాడు. అతని రక్తంలో వంశంలో దిగే గుర్తొకటి కనబడింది. అది ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సరు తేగలదు. అందుకని త్రిపురారంలో ఉన్న అతని అక్కను కలవడానికి వెళ్లాను. "మొగోళ్ల రోగానికి నన్నెందుకు పిలుస్తున్నరు?" అని ఆమె తలుపు దగ్గరే ఆపింది. కూర్చోబెట్టి చెప్పాక పరీక్షకు వచ్చింది. ఆ గుర్తు ఆమెకు రాలేదు. ఆ మాట ఫోన్లో తమ్ముడికి చెబుతూ, "అన్నీ నాకియ్యకుంట నువ్వే ఉంచుకుంటివి, ఎప్పటిలెక్కనే" అని ఏడుస్తూ నవ్వింది.

మొన్న నాయన పరీక్ష మళ్లీ అయింది. గదిలోకి వెళ్లేముందు ప్రతిసారీ నాకు పెదనాయనే గుర్తొస్తాడు. ఆ భయం పోదు, పోతుందని అనుకోవడం కూడా మానేశాను. డాక్టరుగారు స్క్రీను తిప్పి, మార్పేమీ లేదన్నారు. నాయన కంప్యూటరు తెర వైపు చూసి "మంచిగనే నేర్సుకున్నది" అన్నాడు.

తోడొచ్చిన మామయ్యా, నాయనా, నేనూ హైదరాబాదులో సూర్యాపేట బస్సెక్కాం. కిటికీ సీటు కోసం ఇద్దరూ కాసేపు మర్యాదగా పోట్లాడుకున్నారు. నకిరేకల్ దగ్గర పడుతుండగా నాయన కాళ్లు కదిలించడం మొదలుపెట్టాడు. అడగడానికి మొహమాటం. మామయ్య అది గమనించి, లేచి నిలబడి, తన పాత గొంతుతో డ్రైవరును కేకేశారు.

"ఒక్క నిమిషం పక్కకు ఆపు బాబూ, మా బావగారు దిగాలి."

బస్సు ఆగింది. నాయన దిగాడు. ఆయన వెనకాల చడీచప్పుడు లేకుండా ఒకాయన, ఆయన వెనక ఇంకొకాయన, ముందు సీట్ల నుంచి తెల్ల చొక్కాల వాళ్లు, వెనక నుంచి తువ్వాలు కప్పుకున్నవాళ్లు, బస్సులో తల నెరిసిన మగవాళ్లంతా దిగి రోడ్డు పక్కన తుమ్మచెట్ల వెంట బారుగా నిలబడ్డారు. కొందరు చాలాసేపటి దాకా నిలబడే ఉన్నారు. డ్రైవరు విసుక్కుంటూ హారన్ కొట్టాడు.

నేను బ్యాగు తెరిచి కరపత్రాలు బయటికి తీశాను. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరికీ ఇవ్వొచ్చని మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.